నీళ్లు ఎప్పుడు వదలాలో ఏటి ఒడ్డు వాళ్లను ఎవరడిగారు?

(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. చదివేవాళ్ల వీలు కోసం కొద్దిగా సవరించి పెడుతున్నాం.)

 

ప్రాజెక్టు అనే మాట వినగానే మనకు మొదట గుర్తొచ్చేది ముంపు. పోలవరం, 45.72 మీటర్లు, కాంటూరు లెక్క, ప్యాకేజీ, కాలనీ. ఆ పోరాటం ఆగలేదు, ఆగదు. కానీ ఈ రోజు నేను ముంపు గురించి కాకుండా ఆనకట్టకు దిగువన ఏం జరుగుతుందో మాట్లాడతాను. ఎందుకంటే దిగువ ఊళ్లు ఏ జాబితాలోనూ ఉండవు. మునిగినవాడికి నిర్వాసితుడు అనే పేరైనా ఉంది. ఇల్లు మునగకుండా, పొలం మునగకుండా, ఏరు మాత్రం చేతిలోంచి జారిపోయినవాడికి సర్కారు కాగితంలో పేరే లేదు. ఇక ఆ ఏట్లో బతికే చేపకు, తాబేలుకు, ఇసుక మీద గుడ్లు పెట్టే పిట్టకు ఏం పేరుంటది?

ముందు మన ఏరును ఒకసారి పైనుంచి కిందికి చూద్దాం. మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్ ఆనకట్ట ఉంది. అక్కడి నీళ్లతో మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు మొదలైంది. అదే నది దిగువకొచ్చి సీలేరు అయింది. బలిమెల దగ్గర ఇంకో పెద్ద జలాశయం. అక్కడి నీటిని ఆంధ్రా, ఒడిశా చెరి సగం పంచుకుంటాయి. దాని కింద ఎగువ సీలేరు, 240 మెగావాట్లు. ఆ తర్వాత డొంకరాయి, 25 మెగావాట్లు. ఆ తర్వాత మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు, 460 మెగావాట్లు. ఇన్ని మెట్లు దిగాక మోటు దగ్గర శబరిలో కలుస్తది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తది.

లెక్క అర్థమైందా? ఒక్క చుక్క నీరు కొండ మీద పుట్టి గోదావరి చేరేలోపు మళ్లీ మళ్లీ గేటు దగ్గర ఆగుతది. ప్రతి గేటు దగ్గర ఎవరో ఒకరు తెరువు అంటే తెరుస్తారు, మూయి అంటే మూస్తారు.

తెరవమనేది ఎవరు? రెండు అవసరాలున్నాయి. మొదటిది కరెంటు. బొగ్గు ప్లాంటును అనుకున్నప్పుడు గబుక్కున పెంచలేరు, తగ్గించలేరు. నీటి కరెంటు అలా కాదు, నిమిషాల్లో వస్తది. అందుకే సాయంత్రం పట్నంలో లైట్లు, ఏసీలు అన్నీ ఒక్కసారి వేసేటప్పుడు ఇక్కడ టర్బైన్లు తిప్పుతారు. వాడకం తగ్గాక ఆపుతారు. రెండోది డెల్టా రబీ వరి. ఎండాకాలం వచ్చేసరికి గోదావరిలో నీరు తగ్గుతది, ధవళేశ్వరం దగ్గర కాలువలకు చాలదు. అప్పుడు సీలేరు నీళ్లు కావాలని అడుగుతారు, ఇక్కడ కరెంటు తీసి నీళ్లు కిందికి పంపుతారు.

ఇందులో ఎవరినీ దొంగ అనడం లేదు నేను. డెల్టా రైతుకు వరి పండాలి, ఆస్పత్రిలో కరెంటు ఉండాలి. నా ప్రశ్న వేరే. ఇద్దరి అవసరం లెక్కలోకి వచ్చింది కదా, మధ్యలో ఉన్న ఏరు అవసరం ఎవరి లెక్కలో ఉంది?

మన కోయ మాటలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే నది. రెండూ ఒకే మాట నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి. కానీ నీళ్లు ఉన్నంత మాత్రాన ఏరు ఉన్నట్టు కాదు. ఏరుకు ఒక కాలం ఉంటది. తొలకరికి ఎర్రనీళ్లు రావాలి, ఆషాఢ శ్రావణాల్లో పొంగాలి, ఒడ్డు దాటి పొదల్లోకి, గడ్డిలోకి ఎక్కాలి. దసరా తర్వాత మెల్లమెల్లగా దిగాలి. మాఘం ఫాల్గుణానికి ఇసుక తేలాలి. ఎండాకాలం మడుగుల్లో నీళ్లు నిలిచి, మధ్యలో సన్నగా పారాలి. ఈ క్రమాన్ని నమ్ముకునే ఏట్లో ప్రాణులన్నీ పిల్లల్ని కంటాయి.

దీనికి మంచి రుజువు బొచ్చె, శీలావతి. ఈ చేపలు చెరువులో బాగా పెరుగుతాయి, కిలోల్లో తూగుతాయి. కానీ చెరువు నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. వాన, కొత్త నీరు, ప్రవాహం, ముంపు గట్టు ఇవన్నీ కలిస్తేనే పెడతాయి. అందుకే ఒకప్పుడు చేప పిల్లల కోసం నదుల మీద ఆధారపడేవాళ్లు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త వాటికి ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఇవాళ చెరువు చేపల వ్యాపారమంతా దాని మీద నడుస్తోంది. దీని అర్థం ఏంటి? అదే నీరు, అదే చేప, తిండికి లోటు లేదు. అయినా ఏటి కదలిక లేకపోతే గుడ్డు లేదు. చెరువులో చేపకు ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఏట్లో ఉన్న వాలుగకు, జెల్లకు, బొమ్మిడాయికి ఎవరిస్తారు?

ఇప్పుడు గేటు ఏం చేస్తదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఎండిపోయే ముక్క. కరెంటు తీయాలంటే ఎత్తు కావాలి. అందుకని ఆనకట్ట దగ్గర నీళ్లను కాలువలోకి మళ్లించి, కొండ పక్కగా తీసుకుపోయి, పవర్‌హౌస్ దగ్గర కిందికి దించుతారు. డొంకరాయి నుంచి దిగువ సీలేరుకు నీళ్లు అలాగే పోతాయి. మాచ్‌ఖండ్‌లో కూడా నీళ్లు డుడుమ జలపాతానికి పైనే పక్కకు మళ్లుతాయి. నీళ్లు కాలువలో, నది రాళ్ల మీద. మధ్యలో ఆ ముక్కకు మిగిలేది పక్క వాగుల నీరు, ఊట నీరు, వానాకాలం గేట్లెత్తితే వచ్చే వరద. చేపలు ఎదురెక్కడానికి అక్కడ దారి తెగుతది.

రెండోది, పోటు కొట్టే ముక్క. పవర్‌హౌస్ కింద నీళ్లు మళ్లీ నదిలో పడతాయి. టర్బైన్ తిరిగితే ఏరు పెరుగుతది, ఆగితే తగ్గుతది. సముద్రం ఒడ్డున ఆటుపోట్లు ఉంటాయి, వాటికో వేళ ఉంటది. ఇక్కడ పోటుకు వేళ లేదు, కరెంటు గిరాకీయే వేళ. నీళ్లు పెరిగినప్పుడు చిన్న చేపలు ఒడ్డు పక్క గుంటల్లోకి, రాళ్ల సందుల్లోకి తిండి కోసం ఎక్కుతాయి. నీళ్లు ఒక్కసారి పడిపోతే అక్కడే చిక్కుకుంటాయి. గుంట వేడెక్కుతది, గాలి చాలదు, కాకులకు కొంగలకు ఆ పూట విందు. పెద్ద చేప తప్పించుకుంటది, పిల్ల చేప తప్పించుకోలేదు. రోజూ కొంచెం కొంచెం పిల్లలు పోతే పదేళ్లకు వలలో ఏం పడతది?

మూడోది, కంటికి కనపడని పురుగులు. ఏటి రాళ్లు తిప్పి చూస్తే కింద చిన్న చిన్న పురుగులు అంటుకుని ఉంటాయి, మీరంతా చూసే ఉంటారు. చేపలకు అసలు తిండి అవే. వాటిల్లో చాలా రకాలు నీటి అంచున రాళ్ల మీద గుడ్లు పెడతాయి. నీళ్లెక్కువ ఉన్నప్పుడు పెట్టిన గుడ్డు, నీళ్లు తగ్గగానే ఎండలో మాడిపోతది. పురుగు లేకపోతే చేప లేదు, కప్ప లేదు, సాయంత్రం ఏటి మీద ఎగిరే గబ్బిలానికీ తిండి లేదు.

నాలుగోది, ఇసుక తిన్నె. ఎండాకాలం ఇసుక తేలుతదని నమ్మి దాని మీద గుడ్లు పెట్టే ప్రాణులు చాలా ఉన్నాయి. రివర్ టెర్న్ అని పుస్తకాల్లో రాసే పిట్ట గూడు కట్టదు, ఒట్టి ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడతది. ఏటి ఒడ్డు తీతువు కూడా అంతే. తాబేలు ఇసుక తవ్వి పెడతది. మొసలి కూడా ఎండాకాలంలోనే గట్టు మీద గుంట తవ్వి గుడ్లు పెట్టి కప్పుతది, పిల్లలు రావడానికి రెండు నెలలకు అటూ ఇటూ పడతది. ఇవన్నీ సుమారుగా ఫిబ్రవరి నుంచి మే, జూన్ దాకా జరిగే పనులు. డెల్టాకు రబీ నీళ్లు వదిలే కాలం ఏది? చాలావరకు ఈ నెలల్లోనే. వానాకాలం వరదను ఆ పిట్ట అంచనా వేయగలదు. లక్షల ఏళ్ల అలవాటు అది. మార్చిలో ఎండ కాస్తుంటే మబ్బు లేకుండా వచ్చే వరదను ఏ పిట్ట ఊహిస్తది?

ఐదోది, నీటి గుణం. లోతైన జలాశయంలో పైనీరు వెచ్చగా, అడుగు నీరు చల్లగా ఉంటది. అడుగున ప్రాణవాయువు కూడా తక్కువ. అడుగు నీటిని వదిలితే కింద ఏరు ఒక్కసారి చల్లబడుతది, చేపకు కాలం తప్పినట్టు అవుతది. ఇంకొకటి, మట్టి, ఇసుక అంతా జలాశయంలోనే ఆగిపోతాయి. బయటికొచ్చే నీళ్లు తేటగా కనిపిస్తాయి, మనం బాగుందనుకుంటాం. కానీ ఆ నీళ్లు ఆకలి మీదుంటాయి. పై నుంచి మట్టి తెచ్చుకోలేదు కాబట్టి దిగువ గట్టును కోసుకుని తింటాయి. తిన్నెలు కరిగిపోతాయి, కొత్తవి పడవు.

ఆరోది, గట్టు మీద చెట్టు. ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ, రెల్లు, తుంగ. ఇవి గట్టును పట్టుకుని ఉంటాయి, ఏటికి నీడనిస్తాయి, వాటి పండు నీళ్లలో పడితే చేప తింటది. వరద తీశాక మిగిలిన తడి ఒండ్రులో వాటి గింజ మొలకెత్తాలి, ఆ మొలక వచ్చే వానల దాకా నిలబడాలి. రోజూ నీళ్లెక్కి దిగే అంచున మొలక నిలబడదు. ముసలి చెట్లు గట్టు కోతకు పడిపోతాయి, వాటి చోట పిల్ల మొక్క ఉండదు. అడవి ఉంది అనుకుంటూనే ఏటి అడవిని పోగొట్టుకుంటాం.

ఏడోది, మనుషులం. ఇసుకలో చెలమ తీసుకుని మంచినీళ్లు తెచ్చుకునే అక్క, ఏరు దాటి సంతకు పోయే తాత, ఒడ్డున మిరప వేసుకున్న అన్న, మావు పెట్టి చేపలు పట్టే తమ్ముడు. వీళ్లందరి మీదికీ అదే నీరు వస్తది. హఠాత్తుగా వదిలిన నీరు ఏం చేస్తదో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు అవి. దేశమంతా ఏడ్చింది, హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది, సైరన్లు పెట్టాలని అన్నారు. పెట్టాల్సిందే. కానీ సైరన్ మనిషికి వినపడతది. ఇసుకలో ఉన్న గుడ్డుకు వినపడదు. అందుకే సైరన్ ఒక్కటే సరిపోదు, నీళ్లు వదిలే పద్ధతి మారాలి.

ఇక ముందు ఏం రాబోతోందో కూడా చూడండి. కింద నుంచి పోలవరం నిండుతూ వస్తే శబరి చివరి భాగం నిలవ నీరు అవుతది. జలాశయం అంచు ఏడాదిలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఆ అంచున చెట్టు నిలవదు, బోడి గట్టు మిగులుతది. పైన ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ఉంది. పగలు సోలార్ కరెంటు ఎక్కువున్నప్పుడు నీళ్లను పైకి తోడి, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదలడం దాని పని. అంటే పై నుంచి స్విచ్ నీరు, కింద నుంచి నిలవ నీరు. పారే ఏరు మధ్యలో ఎంత మిగులుతది? సోలార్ పెరిగే కొద్దీ సాయంత్రం నీటి కరెంటు మీద భారం కూడా పెరుగుతది. దాన్ని పచ్చ కరెంటు అంటారు. ఎవరి పచ్చదనం అమ్ముకుని పచ్చ కరెంటు అని అడిగే హక్కు మనకుంది.

'అయితే ఏం చేయమంటావ్ తమ్ముడూ, డ్యాములు పగలగొట్టాలా?' అని కొందరు పెద్దలు అడుగుతారు. పద్ధతి మార్చడం సాధ్యమే అని చెప్పడానికి రెండు సంగతులు చెప్తాను.

అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ అనే పెద్ద ఆనకట్ట ఉంది. అక్కడ కూడా కరెంటు కోసం నీళ్లు రోజూ ఎక్కించి దించుతుంటే పురుగుల గుడ్లు ఎండిపోతున్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. 2018లో ఒక ప్రయోగం చేశారు. మే నుంచి ఆగస్టు దాకా శని, ఆదివారాల్లో నీళ్లను తక్కువగా, ఒకే మట్టంలో ఉంచారు. వారాంతంలో కరెంటు గిరాకీ ఎలాగూ తక్కువ. ఆ రెండు రోజులు పెట్టిన గుడ్డు, నీటి మట్టం మళ్లీ పెరిగినా తడిలోనే ఉంటది. ఆనకట్ట అలాగే ఉంది, కరెంటూ వచ్చింది. మారింది వేళ మాత్రమే.

రెండోది అదే దేశంలో క్లామత్ నది. యూరోక్, కరుక్ లాంటి అక్కడి ఆదివాసీ జాతులకు సాల్మన్ చేపే తిండి, పండుగ, బతుకు. 2002లో దిగువ నదిలో వేల వేల సాల్మన్లు చచ్చి తేలాయి. నీరు తక్కువై, వేడెక్కి, జబ్బు పాకింది. ఆ శవాలు చూసిన యువకులే ఏళ్ల తరబడి పోరాడారు. 2024 నాటికి నాలుగు ఆనకట్టలు తీసేశారు. ఆ ఏడాదే ఆనకట్టలుండిన చోటు దాటి చేపలు ఎగువకు ఎక్కాయి. మన దగ్గర రేపే అలా జరుగుతదని చెప్పడం లేదు. చేపల కోసం ఆదివాసులు గట్టిగా అడిగితే ప్రభుత్వాలు వినక తప్పలేదని చెప్తున్నా.

మన దేశంలో చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 9న, అంటే సరిగ్గా ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజున, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. నీరు తక్కువగా ఉండే కాలపు సగటు ప్రవాహంలో కనీసం 15 నుంచి 20 శాతం నదిలో ఉండేలా అన్ని రాష్ట్రాలు చూడాలని చెప్పింది. 2018 అక్టోబరులో కేంద్రం ఎగువ గంగకు నోటిఫికేషన్ ఇచ్చింది. నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరులో, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, వానాకాలం 30 శాతం నీళ్లు నదికి వదలాలని రాసింది. నెలను బట్టి లెక్క మారింది, గమనించారా? నదికి కాలం ఉంటదని సర్కారే ఒప్పుకున్నట్టు. గంగమ్మకు ఉన్న కాలం శబరికి, సీలేరుకు ఉండదా?

ఇంకా ముఖ్యమైనది మన చేతిలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటున్నాం. సెక్షన్ 3(1)(డి) తీసి చదవండి. చేపల మీద, నీటి వనరుల నుంచి వచ్చే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అక్కడ రాసి ఉంది. సెక్షన్ 5 చదవండి. అడవిని, వన్యప్రాణిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం, నీటి వనరులకు రక్షణ ఉండేలా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చారు. ఇది అటవీ శాఖ దయ కాదు, పార్లమెంటు రాసిన మాట. ఫారం-బి నింపేటప్పుడు చాలా ఊళ్లలో చేపల గడి ఖాళీగా వదిలేస్తున్నారు. ఆ గడి ఖాళీగా ఉంటే రేపు ఏరు చచ్చినా 'మీకేం నష్టం' అంటారు.

కాబట్టి చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను. ఇవి ఉపన్యాసం కోసం చెప్పేవి కావు, ఊరికెళ్లి మొదలుపెట్టేవి.

ఒకటి, ఏటి పుస్తకం. ప్రతి ఒడ్డు ఊళ్లో ఇద్దరు పిల్లలు చాలు. రేవు దగ్గర కదలని బండ మీద అడుగులు, అంగుళాలు గీతలు పెట్టండి. ఉదయం, సాయంత్రం నీరు ఏ గీత దగ్గరుందో రాయండి. ఎన్ని గంటలకు పెరిగింది, ఎంతసేపట్లో తగ్గింది, ఎక్కడ చేపలు చిక్కాయి, ఏ తిన్నె మీద గుడ్లు కనిపించాయి, ఏ చెట్టు కూలింది, అన్నీ రాయండి. ఫోన్‌లో ఫొటో తీస్తే తేదీ, టైము అందులోనే ఉంటాయి. గూళ్ల దగ్గరికి మాత్రం మరీ పోవద్దు, దూరం నుంచే తీయండి. చేపల పేర్లు, పిట్టల పేర్లు మన భాషలో పెద్దవాళ్లను అడిగి రాయండి. ఆ పేర్లు పోతే ఆ ప్రాణులు ఉండేవని చెప్పే సాక్షి కూడా పోతాడు.

రెండు, సమాచార హక్కు దరఖాస్తు. ఏ రోజు ఏ గంటకు ఎంత నీరు వదిలారో అడగండి. మన పుస్తకం, వాళ్ల పుస్తకం పక్కపక్కన పెడితే ఎవరూ కాదనలేని రుజువు అవుతది.

మూడు, గ్రామసభ తీర్మానం. అందులో నాలుగు కోరికలు ఉండాలి. ఎండిన ముక్కకు ఏడాది పొడుగునా కొంత నీరు వదలాలి. నీరు పెంచినా తగ్గించినా మెల్లగా చేయాలి, ఒక్కసారి కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా గుడ్లు పెట్టే కాలంలో, డెల్టాకు పంపే నీటిని దూకుళ్లుగా కాకుండా వీలైనంత ఒకే మట్టంలో పంపాలి. వదిలే వేళలు ముందుగా ప్రతి ఒడ్డు ఊళ్లో తెలుగులో, కోయలో, ఒడియాలో చెప్పాలి. దీనితోపాటు కొత్త ప్రాజెక్టు ఏది వచ్చినా దిగువ ఊళ్లను కూడా బాధిత గ్రామాలుగా లెక్కించాలి.

ఈ నాలుగింటిలో డెల్టా రైతు నోటి దగ్గర ముద్ద తీసే మాట ఒక్కటైనా ఉందా? లేదు. నీళ్లు పోతాయి, కరెంటు వస్తది. కాకపోతే గేటు తిప్పే చెయ్యి ఒక్క నిమిషం ఆగి కింద ఎవరున్నారో చూడాలి. ఆ చూపు కోసమే మన పోరాటం.

మన తాతలు ఏటికి మొక్కి దాటేవాళ్లు. చదువుకున్న మనం దాన్ని మూఢనమ్మకం అనుకున్నా, అందులో ఒక మర్యాద ఉంది. ఏరు నాది కాదు, నేనే ఏటికి చెందినవాణ్ణి అనే మర్యాద. ఆ మర్యాదను ఇవాళ కాగితం మీద, చట్టం భాషలో, గ్రామసభ ముద్రతో చెప్పాల్సిన పని మన తరానిది. వచ్చే గ్రామసభకు మీ ఊరి ఏటి పుస్తకం మొదటి పేజీ పట్టుకుని రండి.

జల్, జంగిల్, జమీన్ అంటాం కదా. అందులో మొదటి మాట జల్. దాన్ని ఇన్నాళ్లు నినాదంలోనే ఉంచాం. ఇక తీర్మానంలో రాద్దాం.

జై ఆదివాసీ! జోహార్!